సీలేరు అవతలి యుద్ధం మనది కూడా

విశాఖ, విజయనగరం వైపు నుంచి మోటారు సైకిళ్ల మీద దక్షిణ ఒడిశాలోని కొరాపుట్ కొండలకు వచ్చే తెలుగు యువకులు ఈ మధ్య బాగా పెరిగారు. దేవమాలి మీద సూర్యోదయం చూసి, దుడుమ జలపాతం దగ్గర ఆగి, వీలైతే చిత్రకొండ దాకా పోయి, ఇంటికి తిరిగి వెళ్లాక చూసినదాన్ని రాస్తున్నారు. ఆ రాతల్లో "ఇంకా ఎవరి కాలూ పడని నేల" అనే మాట తరచుగా కనిపిస్తుంది. ఇక్కడి జయపురంలో పుట్టి, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో ఈ కొండల వ్యవహార భాష దేశియా మాట్లాడుతూ పెరిగినవాణ్ని కనుక ఆ మాట చదివినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. జమీందారు బంట్లు, మద్రాసు ప్రెసిడెన్సీ పోలీసులు, నిజాం పోలీసులు, పితూరీలు లేవదీసిన తిరుగుబాటుదార్లు, ఆనకట్ట కూలీలు, శరణార్థులు, మావోయిస్టు దళాలు, వాళ్లను వెతికే గ్రేహౌండ్స్ పోలీసులు, సరిహద్దు భద్రతా దళం, అందరూ ఈ నేల మీద నడిచినవాళ్లే. వారిలో తెలుగు మాట్లాడేవారు చాలామంది. సాలూరు నుంచి మోటు దాకా సాగే ఈ కొండదారిని మనం పరాయి అందంగా చూస్తూ దాటిపోకూడదని నా వాదన. ఇక్కడి యుద్ధాల్లో పెద్ద భాగం తెలుగు నేల నుంచి వచ్చింది, తెలుగులోనే నడిచింది. దాని బరువు మోసినవాళ్లు మాత్రం ఎక్కువగా తెలుగు రానివాళ్లు.

సాలూరు దాటాక 26వ నంబరు జాతీయ రహదారి కొండెక్కడం మొదలుపెడుతుంది. సుంకి ఘాటులో లారీల వెనుక రెండో గేరులో, ఒక్కోసారి మొదటి గేరులో, మలుపు తర్వాత మలుపు ఎక్కుతుంటే గాలి చల్లబడుతుంది, ఇంజను మోత లోయలో మారుమోగుతుంది, జీడిమామిడి తోటలు వెనకబడి రాగి చేలు, అల్లం మళ్లు మొదలవుతాయి. ఇంత సుఖమైన దారి ఇక్కడికి ఎందుకు వచ్చిందో అడగాలనిపించడం సహజం. 1863లో బ్రిటిష్ ప్రభుత్వం జయపురం సంస్థానంలో పోలీసు, న్యాయ పాలనను నేరుగా తన చేతుల్లోకి తీసుకుంది. పాలన కొండెక్కాలంటే ముందు బండి ఎక్కాలి. బండి ఎక్కాలంటే దారి తెగాలి. ఆ దారి వెంట మైదానం నుంచి గుమాస్తా, జవాను, సారా గుత్తేదారు, అప్పులిచ్చే వ్యాపారి వచ్చారు, వారిలో ఎక్కువమంది మన భాషవాళ్లు. మా పూర్వీకులు ఏ పని మీద వచ్చినా వచ్చిన దారి అదే. సుంకికి పక్కనే కొటియా ఊళ్లున్నాయి. 21 ఊళ్ల మీద హక్కు ఎవరిదన్న తగవు 1968లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, కోర్టు యథాతథ స్థితిని కొనసాగించమంది, ఈనాటికీ అక్కడ రెండు రాష్ట్రాల రేషను కార్డులూ, రెండు రాష్ట్రాల బోర్డులూ ఉన్నాయి. 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు కూడా జరిపింది. తుపాకులు లేని తగవు కనుక దాన్ని యుద్ధమని అనను. అయినా ఆ ఊళ్ల కొండవాళ్లను ఎవరైనా "మీరెవరు" అని అడిగితే జవాబు చెప్పే ముందు అడిగినవాడి భాష గమనించాల్సిన స్థితి తరాలుగా ఉన్నదంటే అది తేలిక విషయం కాదు.

ఇదే రహదారి మీద, సుంకి సమీపంలో, 2017 ఫిబ్రవరి 1న ఒడిశా పోలీసుల వాహనం ఒకటి మందుపాతరకు చిక్కి అందులో ఉన్న యువకులు పలువురు మరణించారు. ఆ చోట ఇప్పుడు తారు కొత్తగా ఉంది, పక్కనే టీ దుకాణాలున్నాయి. పొట్టంగి, సిమిలిగుడ, సునాబెడ వరుసగా వస్తాయి. సునాబెడలో మిగ్-21 విమానాలకు ఇంజన్లు చేయడానికి 1964లో మొదలైన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కర్మాగారం ఉంది. చైనాతో యుద్ధం ముగిసిన రెండేళ్లకు, తీరానికీ సరిహద్దుకూ దూరంగా, కొండల నడుమ కట్టుకున్న ఫ్యాక్టరీ అది. అందులో తెలుగువాళ్లు తరాలుగా పనిచేస్తున్నారు. కొరాపుట్ పట్టణంలో 2004 ఫిబ్రవరి 6 రాత్రి అప్పటికింకా మావోయిస్టు పార్టీగా ఏర్పడని నక్సలైటు దళాలు జిల్లా పోలీసు ఆయుధాగారం మీద పడి తుపాకులు ఎత్తుకుపోయాయి. ఆ రాత్రి తర్వాత మా జిల్లాలో చీకటి పడ్డాక బండి తీయాలంటే ఇంట్లో ఒప్పుకొనేవారు కాదు, చాలా ఏళ్లు అలాగే గడిచాయి.

జయపురం గురించి ఎక్కువ రాయను, సొంత ఊరు కనుక మాట పెరుగుతుంది. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలోదే. మహారాజా విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చినవాడు, తెలుగు కవులను పోషించినవాడు. ఆ దానాన్ని మనం గౌరవంగా తలుచుకుంటాం, తలుచుకోవాలి కూడా. ఆ లక్ష ఎక్కడి శిస్తు నుంచి వచ్చిందో, ఏ పరజ, ఏ గదబ, ఏ కోయ రైతు కట్టినదో కూడా అదే నోటితో చెప్పుకోవాలని నా కోరిక.

జయపురం నుంచి దక్షిణంగా బైపారిగుడ మీదుగా మల్కన్‌గిరికి వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. గోవిందపల్లి ఘాటులో రెండు వైపులా సాల చెట్లు కమ్ముకుంటాయి, వాన పడ్డ మర్నాడు మలుపుల్లో ఎర్రమట్టి రోడ్డు మీదికి జారి ఉంటుంది, అందుకని ఎంత అలవాటైన దారైనా ముందు బ్రేకును నమ్మకుండా ఇంజను బిగువు మీద దిగాలి. ఈ దారిని నేను ఇష్టపడడానికి ఆ చెట్లు ఒక కారణమైతే లక్ష్మణ నాయక్ ఇంకో కారణం. బైపారిగుడ ప్రాంతంలోని తెంతులిగుమ్మ ఆయన ఊరు, భూమియా తెగవాడు, కాంగ్రెసు కార్యకర్త. 1942 ఆగస్టు 21న క్విట్ ఇండియా ఉద్యమంలో జనాన్ని వెంటబెట్టుకొని మత్తిలి పోలీసు స్టేషను ముందుకు వెళ్లాడు, పోలీసులు కాల్పులు జరిపారు, ఊరేగింపులో వచ్చినవాళ్లు ప్రాణాలు కోల్పోయారు, ఆయనా గాయపడ్డాడు. ఆ గలాటాలో రామయ్య అనే అటవీ గార్డు చనిపోయాడు. ఆ హత్యానేరం లక్ష్మణ నాయక్ మీద మోపి, 1943 మార్చి 29న బరంపురం జైలులో ఉరి తీశారు. కొరాపుట్‌లోని వైద్య కళాశాలకు ఆయన పేరు పెట్టారు.

మత్తిలిలో ఆగినప్పుడల్లా నాకు ఆ గార్డు కూడా గుర్తుకొస్తాడు. పేరు చూస్తే తెలుగువాడనిపిస్తుంది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడును నేరం చేశాక, ఆ నేరాన్ని పట్టుకొనే పని కొండ మీదికి వచ్చిన చిన్న ఉద్యోగులది. చట్టం చేసినవాడు చెన్నపట్నంలో ఉన్నాడు, దాని మీద కోపం మాత్రం అడవి దారిలో ఎదురైన గార్డు మీద పడింది. ఆయన కూడా ఎవరో ఇంటి మనిషి. ఆయన చావును లక్ష్మణ నాయక్ మెడకు చుట్టిన తీర్పు అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. అలా నమ్మడానికి రామయ్యను మరచిపోవాల్సిన అవసరం లేదు. తెలుగువాళ్లు ఈ కొండల మీద ఏ వైపు నిలబడ్డారన్న ప్రశ్నకు ఒక్క జవాబు దొరకదని ఆ పేరే చెబుతుంది.

అంతకు అరవై ఏళ్ల ముందటి సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. గోదావరి ఏజెన్సీలో 1879 మార్చిలో మొదలైన రంప పితూరీ కల్లు మీద పన్నుతో, అక్కడి జమీందారైన రంప మన్సబుదారు దోపిడితో రాజుకున్నదని మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అది గూడెం కొండల్లోకీ రేకపల్లిలోకీ పాకింది. 1880 నాటికి సీలేరు దాటి మల్కన్‌గిరి కోయల్లోకి వచ్చిన సంగతి మాత్రం మనం తక్కువగా చెప్పుకొంటాం. తమ్మన్న దొర నాయకత్వంలో కోయలు పోలీసులను ఎదిరించారు, చివరికి అదే ఏడాది హైదరాబాదు సంస్థాన పోలీసుల తూటాకు దొర నేలకొరిగాడు. నదికి అటు జరిగిన భాగం తెలుగు చరిత్రగా మిగిలింది, ఇటు జరిగిన భాగం ఒడిశా చరిత్రగా వేరుపడింది. 1922లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి చేయడానికి ముందు గూడెం మన్యంలో జనాన్ని మండించిన కారణాల్లో రోడ్డు పని ఒకటి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ లంబసింగి వైపు వేయించిన రోడ్డు మీద మన్యం మనుషుల చేత చాలీచాలని కూలికి బలవంతంగా రాళ్లు మోయించాడు. ఆ తిరుగుబాటును అణచడానికి బలగాలు అలాంటి దారుల మీదనే వచ్చాయి. మన్యంలో రోడ్డు మనిషిని ఎక్కడికైనా చేర్చకముందే మనిషి వీపు మీద పడింది. ఈనాటికీ రోడ్డు అంటే కొండ మీది పెద్దవాళ్లు వెంటనే సంతోషపడకపోవడానికి మూలం ఇక్కడుంది.

బలిమెల నుంచి చిత్రకొండకు ఎక్కే దారిలో ఒక మలుపు దగ్గర హఠాత్తుగా నీళ్లు కనిపిస్తాయి. కొండల మధ్య వేళ్లలా చీలిపోయి, కంటికి ఆనినంత మేర పరుచుకున్న ఆ నీటి పక్కన బండి ఆపని మనిషి ఉండడు. సీలేరు మీద ఒడిశా, ఆంధ్రప్రదేశ్ కలిసి కట్టిన ఆనకట్ట తాలూకు జలాశయం అది. అంతకు ముందే ఎగువన మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది, అందులో అప్పటి ఒప్పందం ప్రకారం కరెంటులో 70 శాతం ఆంధ్రకు, 30 శాతం ఒడిశాకు. బలిమెల నీటిని రెండు రాష్ట్రాలూ సగం సగం పంచుకొన్నాయి. ఒడిశా వాటా బలిమెల కేంద్రంలో 510 మెగావాట్ల యంత్రాలను తిప్పుతుంది, ఆంధ్ర వాటా దొంకరాయి మీదుగా మోతుగూడెం చేరి దిగువ సీలేరు కేంద్రంలో 460 మెగావాట్ల యంత్రాలను తిప్పుతుంది. ఈ నీరు నిలిచినప్పుడు లోయలోని ఊళ్లు కొన్ని మునిగాయి, ఎత్తు మీద మిగిలిన 151 ఊళ్లు మూడు వైపుల నీటికీ, నాలుగో వైపు ఆంధ్ర కొండలకూ మధ్య చిక్కుకొన్నాయి. ప్రభుత్వ కాగితాల్లో వాటికి కటాఫ్ ఏరియా అని పేరు.

చిత్రకొండలో లాంచీ మీద పనిచేసి మానుకొన్న ఒక తెలుగు పెద్దాయన ఉన్నాడు. ఆయన తండ్రి చోడవరం వైపు నుంచి ఆనకట్ట పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. "నీళ్లు రాకముందు ఇటునుంచి అటు నడిచెళ్లి సంత చేసుకొచ్చేవోళ్లు బాబూ. నీళ్లొచ్చాక లాంచీ వచ్చిందాకా కూకోడమే పని. పురిటి నొప్పుల మనిషిని ఎక్కించుకొని అవతలి ఒడ్డు చేరేలోపు ఏటవుద్దో అని నా చేతులు వణికేయి" అని ఆయన చెప్పిన మాట యుద్ధం గురించి కాదు. అయినా నాకు ఈ ప్రాంతపు యుద్ధం అక్కడి నుంచే అర్థమవుతుంది. రెండు రాష్ట్రాలు కరెంటు కోసం కొన్ని వేల మందిని నీటి వెనక విడిచిపెట్టి, దాటడానికి వంతెన కట్టకుండా దశాబ్దాలు గడిపితే, పోలీసులు చేరలేని ఆ చోటు తుపాకీ పట్టినవాళ్లకు ఆశ్రయం కావడంలో వింత ఏముంది? తెలంగాణ నుంచీ, ఉత్తరాంధ్ర నుంచీ వచ్చిన దళాలు అక్కడ నిలదొక్కుకోవడానికి వాళ్ల సిద్ధాంతం ఎంత తోడ్పడిందో నేను చెప్పలేను. ఆ నీళ్లు తోడ్పడిన సంగతి మాత్రం చూసినవాళ్లకు తెలుసు. వాళ్లను ఎదుర్కోవడానికి 1989లో ఏర్పడ్డ గ్రేహౌండ్స్ పోలీసు బలగం కూడా తెలుగు యువకులదే. మన పత్రికలు ఏవోబీ అని పొట్టిగా రాసే ఈ ఆంధ్ర–ఒడిశా సరిహద్దులో ఒక వైపు ఆజ్ఞలూ తెలుగులోనే, మరో వైపు ఆజ్ఞలూ తెలుగులోనే వినిపించాయి. మధ్యలో ఉన్నవాళ్లు దిదాయిలు, కోయలు, కొందులు, పరజలు అనే ఆదివాసులు.

2008 జూన్ 29న కూంబింగ్ ముగించుకొని లాంచీలో వస్తున్న బలగాల మీద ఒడ్డు కొండల మీద నుంచి కాల్పులు జరిగాయి, లాంచీ మునిగిపోయింది, 38 మంది మరణించారు, వారిలో అధికులు గ్రేహౌండ్స్ యువకులు. ఆ రోజుల్లో శవాల కోసం రోజుల తరబడి నీటిని గాలించారు. 2011 ఫిబ్రవరిలో మల్కన్‌గిరి కలెక్టరు, తెలుగువాడైన వినీల్ కృష్ణ, కటాఫ్ ఊళ్ల పర్యటనలో ఉండగా మావోయిస్టులు ఆయననూ, ఒక జూనియరు ఇంజనీరునూ పట్టుకుపోయారు. మధ్యవర్తుల్లో ప్రొఫెసర్ హరగోపాల్ ఒకరు. కలెక్టరును విడిచిపెట్టాలని ఆదివాసులే ఊరేగింపులు తీశారు. 2016 అక్టోబరు 24న రామగుడ దగ్గర జరిగిన ఎదురుకాల్పుల్లో సుమారు 30 మంది మావోయిస్టులు, ఒక గ్రేహౌండ్స్ జవాను చనిపోయారు. ఆ 30 మందిలో తెలుగువాళ్లూ ఉన్నారు, అక్కడి ఊళ్ల పిల్లలూ ఉన్నారు. గ్రేహౌండ్స్ వాళ్లకు ఏటా పోలీసు అమరవీరుల దినాన వందనం జరుగుతుంది, దళాల వాళ్లను స్మరించే స్తూపాలూ పాటలూ వేరే ఉన్నాయి. ఇన్‌ఫార్మరని ఒకరు, అన్నం పెట్టాడని ఇంకొకరు కొట్టి చంపినవాళ్లను, లాంచీ అందక ప్రసవంలో పోయినవాళ్లను, ఊరు మునిగినప్పుడు పరిహారం అందక కొండలు పట్టి పోయినవాళ్లను తలచుకొనే రోజు ఏ క్యాలెండరులోనూ లేదు.

జాన్‌బాయి దగ్గర గురుప్రియ వంతెన 2018 జులై 26న తెరుచుకుంది. 910 మీటర్ల పొడవు. దానికి శంకుస్థాపన 1980ల్లోనే జరిగింది, గుత్తేదార్లు పారిపోయారు, పనులు ఆగాయి, చివరికి సరిహద్దు భద్రతా దళం కాపలాలో పని పూర్తయింది. దాని మీద బండి నడుపుతూ, రెండు వైపులా నీళ్లు చూస్తూ వెళ్లడం ఎంత బాగుంటుందో దాచను. ఈ వంతెన పోలీసుల కోసమే కట్టారని, రోడ్డు వస్తే అడవి పోతుందని వాదించే మిత్రులు నాకున్నారు. వారి మాటలో కొంత నిజం ఉంది: గస్తీ బండ్లు రావడానికి దారి ఉండాలన్న అవసరం లేకపోతే ఈ వంతెనకు ఇంకెన్నేళ్లు పట్టేదో. అయినా నేను వారితో ఏకీభవించను. కాన్పు కోసం లాంచీ వేళ లెక్కపెట్టుకొన్న మనిషికి "మీ ఒంటరితనమే మీ రక్ష" అని చెప్పే హక్కు మైదానంలో కూర్చున్న మనకు లేదు. అలాగే వంతెన తెరిచాం కనుక పాత లెక్క తీరిపోయిందని చెప్పే హక్కు ప్రభుత్వాలకూ లేదు. మూడు దశాబ్దాల ఆలస్యమే ఈ యుద్ధాన్ని పొడిగించిందని నా అభిప్రాయం, ఆ ఆలస్యంలో ఒడిశాకు ఎంత భాగముందో నీటిలో సగం తీసుకొన్న ఆంధ్రకూ అంతే ఉంది.

మల్కన్‌గిరి నుంచి కలిమెల వైపు నేల చదునవుతుంది, దారి పక్కన ఊళ్ల పేర్లు నంబర్లుగా మారతాయి. ఎంవీ అంటే మల్కన్‌గిరి విలేజ్. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థుల కోసం 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు అలాంటి ఊళ్లను రెండు వందలకు పైగా ఏర్పాటు చేసింది. ఎక్కడో జరిగిన దేశ విభజన కోయల అడవిని కొట్టించి వరి మళ్లు చేసింది. అందులో ఎంవీ-126 దగ్గర 2008 జులై 16న మందుపాతర పేలి 17 మంది ఒడిశా పోలీసులు చనిపోయారు. ఆ ఊళ్ల దుకాణాల్లో బెంగాలీ యజమాని కోయ రైతుతో తెలుగులో బేరమాడడం చూస్తే మోటు దగ్గరపడిందని తెలుస్తుంది. మన్యంకొండ నుంచి రెండేళ్లకోసారి బడా యాత్రలో ఊరేగే దేవుళ్లు కన్నమరాజు, బాలరాజు, పోతరాజు, ముత్యాలమ్మ. వారి పేర్లు మన ఊరి పొలిమేర దేవతల పేర్లే, కొలిచేవాళ్లు కోయలు. యుద్ధం మాత్రమే కాదు, మొక్కు కూడా ఈ సరిహద్దు దాటిందని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు. అందుకే ఇక్కడికి వచ్చే తెలుగువాణ్ని అతిథిగా కంటే చుట్టంగా చూడాలని, చుట్టానికి ఉండే బాధ్యతలు అతనికీ ఉండాలని నేను అంటాను.

మోటు దగ్గర సీలేరు శబరిలో కలుస్తుంది, వంతెన దాటితే చింతూరు దారి, అక్కడి నుంచి మారేడుమిల్లి ఘాటు మీదుగా గోదావరి జిల్లాలకు వెళ్లిపోవచ్చు. బండి మీద ఈ దారిన వచ్చే మిత్రులను నేను కోరేది కష్టమైనది కాదు. చిత్రకొండలో ఒక పూట ఎక్కువ ఆగండి, సంతకు వెళ్లండి, నీళ్లకు ముందటి ఊళ్ల పేర్లు పెద్దలను అడగండి, వాళ్లు చెప్పిన పేర్లను మీ రాతల్లో చేర్చండి. రెండు ప్రభుత్వాలను కోరేది మరొకటి. మునిగిన ఊళ్లు, పరిహారం అందనివాళ్లు, ఇరువైపుల తుపాకులకు బలైన గ్రామస్థులు, అందరి పేర్లతో ఒకే జాబితా తయారు కావాలి. అది తెలుగులో, ఒడియాలో, కోయలో చదవడానికి దొరకాలి. నీటిని సగం సగం పంచుకొన్నట్టే దాని ఖర్చునూ పంచుకోవచ్చు. పోలీసు స్టేషన్ల రికార్డులు, ఆనకట్ట నాటి భూసేకరణ కాగితాలు, పంచాయతీల జ్ఞాపకం కలిస్తే ఆ పని సాధ్యమే. పాత లోయను కళ్లతో చూసినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు కనుక వచ్చే వానలకు ముందే అది మొదలుకావాలి.